ముందు తిన్న గడప

(‘మూడు పేర్ల పిల్ల’ – పద్నాలుగో భాగం)

పోయిన వారం భాగ్యశ్రీ కాశీబుగ్గలో మురళీ డిజిటల్స్ మేడమెట్ల మీద, చెవి దగ్గర ఫోనుతో ఆగిపోయింది. పాఠకులు వారం రోజులూ ఇంటి పనులు చక్కబెట్టుకుని తిరిగొచ్చేసరికి ఆమె ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఫోనులో తల్లి బోడెమ్మ అన్నది రెండు ముక్కలే.

“నువ్వు కొండెక్కకు. నానే దిగి వత్తన్నాను.”

ఎందుకెక్కకూడదో చెప్పలేదు. బోడెమ్మకు ఫోనులో మాట్లాడటమంటే పరాయి ఇంట్లో కంచం ముందు కూర్చున్నట్టే. రెండు ముద్దలకే లేచిపోతుంది.

ఈ పిల్లకు మూడు పేర్లెందుకో గుర్తుంది కదా. మందస కొండల్లో పనసగూడ అనే సవర ఊళ్ళో సోమవారం నాడు పుట్టింది కాబట్టి తల్లి సోంబారి అంది. బళ్ళో మాస్టారికి ఆ పేరు నోరు తిరగక, అప్పటికే క్లాసులో ఇద్దరు భాగ్యశ్రీలున్నా మూడో భాగ్యశ్రీని రిజిస్టరులో చేర్చారు. డిగ్రీ చదివి, పలాసలో జీడిపప్పుకు పొట్టు తీస్తూ ఉండగా మురళీమోహన్ కంట్లో పడింది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసుకునే మురళీమోహన్ ప్రభుత్వం వారి ‘గిరి స్వరం’ పథకంలో కాంట్రాక్టు దొరికిన నాటి నుంచి క్రియేటివ్ హెడ్డు. కొండల మీద బతుకు ఎంత హాయిగా ఉందో కొండ పిల్లల నోటితోనే చెప్పించి ఫోన్లలోకి వదలడం ఆ పథకం. “భాగ్యశ్రీ అంటే ట్రైబల్‌గా లేదమ్మా” అని అతను ‘కొండమల్లి’ అని పెట్టాడు. అలా ఆ పేరు కొండ దిగి, బడికి వెళ్ళి, చదువుకుని, మళ్ళీ అద్దె చీర కట్టుకుని కొండెక్కింది.

కొండమల్లి వెనక ఇప్పుడు నాలుగు లక్షలమంది. పనసగూడకు రోడ్డు వచ్చిందని చెప్పింది. నిజమే, సగం దూరం వచ్చింది. మిగతా సగం వీడియోలో వచ్చింది.

ఇక ఊరి సంగతి. పనసగూడ పైనున్న గట్టు మీద విడిది గృహాలు కట్టి, కింద నుంచి పైకి తీగబండి నడపాలని ఒక కంపెనీకి ముచ్చట పుట్టింది. గట్టు మీద ఊరివాళ్ళ జీడితోటలు, పనసచెట్లు, కంది చేలు ఉన్నాయి. ఇవ్వాలా, వద్దా అని మంగళవారం గ్రామసభ. గడపకొక చెయ్యి. గడపలు పదిహేడు. చేతులు సరిసమానమైతే నిర్ణయం అధికారులది. ఎనిమిది ఇచ్చేద్దామంటున్నాయి. ఆ ఎనిమిదికీ పెద్ద, బోడెమ్మ సొంత అన్న జమ్మయ్య. కొడుక్కి తీగబండి దగ్గర ఉద్యోగమిస్తామన్నారని అతని ఆశ. మరో ఎనిమిది వద్దంటున్నాయి. పదిహేడోది బోడెమ్మ గడప. ఆమె వద్దంటుందని పలాస స్టేషన్లో ఆగే రైళ్ళకు కూడా తెలుసు.

అలాంటి బోడెమ్మ, ఫోను చేసిన మర్నాడు ఆదివారం పొద్దున్నే మందస రోడ్డు స్టేషన్లో పాసెంజరెక్కి, సుమ్మాదేవి దాటి, పలాసలో దిగి, అడుగుతూ అడుగుతూ కాశీబుగ్గ వచ్చి మురళీ డిజిటల్స్ గుమ్మంలో నిలబడింది. చేతిలో తువ్వాలు మూట. 

“అయ్యబాబోయ్, మదర్!” అన్నాడు మురళీమోహన్. కుర్చీలోంచి లేవకముందే కెమెరా లేచింది. “ఒక్క నిమిషం అమ్మా. మీరు మళ్ళీ ఒకసారి బైటికెళ్ళి లోపలికి రండి. ఆ మూట కనపడాల. ఆఁ, అలగే.”

పట్నంలో కొత్త ఇంటికి రెండుసార్లు రావడం ఆచారమేమో అనుకుంది బోడెమ్మ. ఎవరి ఆచారాన్నీ కాదనే మనిషి కాదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. రెండుసార్లు వచ్చినా మంచినీళ్ళిచ్చినవాళ్ళు లేరు.

లోపల ఒక గోడంతా ఆకుపచ్చ గుడ్డ. దాని మీద కొండ కావాలంటే కొండ, సముద్రం కావాలంటే సముద్రం వస్తుంది. మూలన మట్టికుండలు, ఈతాకుల చాప, ఎక్కడా చిరగని చేట ఉన్నాయి. ఎదుటి గోడ మీద అద్దం కట్టిన పెద్ద ఫొటో చూసి బోడెమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఫొటోలో కూతురు నవ్వుతోంది. ఫొటోకు దండ వేసి ఉంది.

“ఓలమ్మో! దండేటి? ఏటైపోనాది నా పిల్ల?”

“ఏటీ అవలేదమ్మా, అది మన ఫస్ట్ హిట్టు!” మురళీమోహన్ పకపకా నవ్వాడు. “మొదటి వీడియోకే నాలుగు లక్షల లైకులు. అందికే ఫ్రేము కట్టించినాం. దండ ప్లాస్టిక్కే.”

ప్లాస్టిక్కు అన్నందుకు ఆమె కొంచెం ఊపిరి పీల్చుకుంది. ఫొటో కింద ఎర్రక్షరాలతో ఏదో రాసి ఉంది. చదువు రాదు గనక ఆ గొడవ ఆమెకు లేదు.

యామిని గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. యామిని ఆ ఆఫీసులో వీడియోల కింద తెలుగు అక్షరాలు వేసే మనిషి. సంతబొమ్మాళి దగ్గర సముద్రపొడ్డున వేటకెళ్ళే వాళ్ళ పిల్ల. నీళ్ళ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఆమె మొహం ఒకలా అయిపోతుంది. దానికో కారణం ఉంది. కిందటేడు ఉద్దానం కుళాయిల మీద వీడియో కావాలంటే, ముసలి బెస్త మొహం బాగుంటుందని మురళీమోహన్ ఆమె తండ్రి నూకయ్యను కూర్చోబెట్టి గ్లాసెడు నీళ్ళు తాగించాడు. నూకయ్య రెండు కిడ్నీలూ అప్పటికే పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకు ఇన్నే నీళ్ళు తాగాలని డాక్టరు కొలిచి చెప్పాడు. వెలుగు సరిగా పడలేదని ఆరు టేకులయ్యాయి. నూకయ్య మూడు రోజుల నీళ్ళు ఒక్క పూటలో ప్రభుత్వం కోసం తాగేసి, రాత్రికి ఊపిరాడక ఆసుపత్రిలో చేరాడు. వీడియో కింద ‘అమృతం లాంటి నీరు’ అని యామినే రాసింది. తండ్రి మందుల కోసం ఉద్యోగం మానలేదు. అప్పటినుంచి ఆఫీసులో ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.

మెట్లమీది అడుగుల చప్పుడుకు అందరూ తిరిగి చూశారు. భాగ్యశ్రీ వచ్చింది. తల్లీకూతుళ్ళు సవరలోనే మాట్లాడుకున్నారు.

“సోంబారీ, నువ్వేటి తిన్నావు?”

“పొద్దున్నా? ఇడ్లీ.”

“ఎకసెక్కాలాడకు. పన్నెండు దినాల కిందట, ఆ డబ్బా ముందర.”

భాగ్యశ్రీకి అప్పుడర్థమైంది. చాప మీద కూర్చుంది. అది షూటింగు చాప అని ఆమెకు గుర్తులేదు.

“కంటిన్యూ, కంటిన్యూ,” అన్నాడు మురళీమోహన్ కెమెరా వెనక నుంచి. “మాటలు తరవాత యామిని రాసేత్తాది.”

కొండ మీద కంది కొత్త అనే పండగ ఉంది. చేలో కంది పండినా సరే, ఊరంతా కలిసి కొత్త కందులు దేవతకు, చనిపోయిన పెద్దలకు పెట్టి, ఒక్కరోజే అందరూ కూర్చుని తినేదాకా ఎవరూ ఒక్క గింజ నోట్లో వేసుకోరు. ఆకలితో ఉన్నవాడు కూడా కంది చేను పక్కనుంచి మొహం తిప్పుకుని పోతాడు. పాత కందులకు ఈ పట్టింపు లేదు. అవి ఏడాది పొడుగునా తినేవే.

పన్నెండు రోజుల కిందట మురళీమోహన్ మందస రోడ్డు పక్కన ఒక జీడితోట అద్దెకు తీసుకుని, డప్పులవాళ్ళను పిలిచి, పండగ రాకముందే పండగ చేయించాడు. భాగ్యశ్రీ ముందుగా అడిగింది, కందులెక్కడివని. కాశీబుగ్గ బజార్లో కొన్నవేనని చెప్పి సంచి చూపించారు. ఆమె గోటితో గింజ గిల్లి చూసింది. నిరుటివి, రాయిలా ఉన్నాయి. అయినా అనుమానం తీరక, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కెమెరా వైపు తిరిగి సవరలో రెండుసార్లు చెప్పింది: ఇవి పాతవి, ఆటకి తింటన్నాం. కొండ మీద వాళ్ళు వింటారుగా, అర్థం చేసుకుంటారుగా అనుకుంది.

వీడియో వచ్చేసరికి ఆమె గొంతు లేదు. గొంతు ఉండాల్సిన చోట డప్పు మోగుతోంది. కింద అక్షరాలు: ‘కొత్త కంది తొలి ముద్ద – అందరికంటే ముందు మన కొండమల్లికే!’

పథకం పేరు మాత్రం గిరి స్వరమే.

“అమ్మా, అవి పాతవే. నాను గిల్లి సూసినాను.”

“నాకు తెలుసు,” అంది బోడెమ్మ. “పాత కంది నమిల్తే దవడెలగాడతాదో, కొత్తది నమిల్తే ఎలగాడతాదో నాకు సెప్పాలేటి? నువ్వు పళ్ళు పటపటలాడిత్తంతే నాను నవ్వుకున్నాను. రేషను డిపో దగ్గర ఎవుడో పెద్దల్ని కూకోబెట్టి కిందున్న రాత సదివి ఇనిపించాడు. నాను దవడ సంగతి సెప్పినాను. రాసి ఉన్నాది కదా అన్నారు. ఆళ్ళలో ఒక్కడికీ సదువు రాదు. సదువు రాని ఆళ్ళకే రాతంటే బయ్యం.”

“మరి?”

“మరేటి? మన గడప తప్పులో పడ్డాది.”

ఆ మాట ఆమె మామూలుగానే అంది, వాన వచ్చింది అన్నట్టు. తప్పులో పడ్డ గడప నుంచి ఎవరూ నిప్పు పట్టుకెళ్ళరు. ఊరి కూటమిలో ఆ గడపకు మాట ఉండదు. కంది కొత్త నాడు ఆ ఇంటి కుండలో వండినది ఊరంతా ముట్టుకుంటే అప్పుడు తప్పు తీరుతుంది. కంది కొత్త శుక్రవారం. సభ మంగళవారం.

“మంగళారం నాను సెయ్యెత్తితే,” అని బోడెమ్మ కుడిచెయ్యి పైకెత్తి దానివైపే చూసుకుంది, “ఇది సెయ్యి కాదు. ఎండుకొమ్మ.”

“బ్యూటిఫుల్!” అన్నాడు మురళీమోహన్. “ఆ సెయ్యి ఒక్క సెకను అలగే పైకి ఉంచమను.”

భాగ్యశ్రీ లేచి వెళ్ళి కెమెరా కన్ను మీద అరచెయ్యి పెట్టింది. రెండేళ్ళలో ఆమె ఆ ఆఫీసులో ఎవరూ చెప్పకుండా తనంత తానే చేసిన మొదటి పని అదే.

“సార్, కందుల వీడియో తీసెయ్యండి. లేకపోతే నా గొంతు పెట్టి మళ్ళీ వదలండి. ఇప్పుడే.”

“ఎలగమ్మా? అది డిపార్ట్‌మెంటు ప్రాపర్టీ. మనం కనడం వరకే, పెంచడం ఆళ్ళది.”

“దానివల్ల మా అమ్మకి ఊళ్ళో మాట పోయింది. గట్టు పోతుంది.”

“సోరీ మల్లీ, జెన్యూన్‌గా సోరీ.” మురళీమోహన్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. “కానీ నువ్వే సెప్పు, మీ కొండ మీది ఆచారాలు మాకేటి తెలుసు? ముందు తినకూడదనీ, తింటే మాట పోద్దనీ మాకు కలొత్తాదేటి? మేం కాశీబుగ్గోళ్ళం. మాకు ఆకలేత్తే తినేత్తాం.”

అతను ఆ మాట అంటూ గోడకు చేరగిలబడ్డాడు. తల సరిగ్గా దండ వేసిన ఫొటో కిందకి వచ్చింది.

భాగ్యశ్రీ ఆ ఫొటోను రోజూ చూస్తుంది. రోజూ చూసే వస్తువును మనం చూడం కదా, వంటింట్లో కాలెండరు నెల మారినా తిప్పనట్టు. అందులో నవ్వుతున్న పిల్ల రెండేళ్ళ కిందటి పిల్ల. మొట్టమొదటిసారి ఎవరో కెమెరా పెట్టి, మీ ఊరి గురించి మాకు తెలియనిది ఒకటి చెప్పమ్మా అని అడిగారు. అంతవరకు ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. జీడి ఫ్యాక్టరీలో ఎన్ని డబ్బాలయ్యాయని తప్ప. సంతోషం పట్టలేక చెప్పేసింది. 

“యామినక్కా, ఆ ఫొటో కింద ఏం రాసుందో మా అమ్మకి సదివి పెట్టవా?”

యామిని చదవలేదు. తెలుగు అక్షరాల కోసమే జీతం తీసుకునే మనిషి తల వంచుకుంది. భాగ్యశ్రీయే చదివింది, ముందు తెలుగులో మురళీమోహన్ కోసం, తరువాత సవరలో తల్లి కోసం.

“‘ముందు తిన్న గడపకు మాట ఉండదు! కొండ మీది ఈ వింత ఆచారం మీకు తెలుసా?’”

మురళీమోహన్ మెల్లిగా తల తిప్పి, తన గోడ మీది ఫొటోను తనే కొత్తగా చూశాడు. 

“మీకు తెలుసా అని మీరే అడిగారు సార్,” అంది భాగ్యశ్రీ. “నాలుగు లక్షలమంది తెలీదన్నారు. ఒక్కడికి తెలిసింది. ఎవరు?”

“నాకు తెలీదు తల్లీ, మా అమ్మతోడు.” ఈసారి అతని గొంతులో ఇంగ్లీషు లేదు. “స్క్రిప్టు పైనించొచ్చింది. కందులు తినే సీను, తొలి ముద్ద అనే మాట, వాయిసు తీసేసి డప్పు పెట్టమన్నదీ, అన్నీ ఒకే మెసేజీలో వచ్చినాయి. నేను ఊరికే ఫాలో అయినాను. మా ఆవిడ ఉప్పెక్కువెయ్యమంటే ఏసీవోణ్ణి నేను, ఎందుకని అడుగుతానేటి?”

“ఎప్పుడు వదలమన్నారు?”

అతను కెమెరా బటన్లు సర్దసాగాడు.

“సభకి పది రోజుల ముందు,” అంది యామిని. అందరూ ఆమె వైపు తిరిగారు. అంత పొడుగు వాక్యం ఆమె నోట విని ఎన్ని నెలలైందో. “అలాగే రాసుంది సార్. గ్రామసభ తేదీ కూడా అందులోనే ఉంది. ప్రింటు తీసి మీ టేబుల్ మీద పెట్టింది నేనే.”

“నువ్వూరుకోవే, నీకేటి తెలుసు!”

“నాకేటి తెలుసా? మా నాన్న తాగిన గ్లాసులు ఎన్నో తెలుసు.”

మురళీమోహన్ చెడ్డవాడని అనలేం. చెడ్డవాడు కావాలంటే కొంత ఆలోచన కావాలి. ఆలోచన పైన చేసేవాళ్ళు వేరే ఉన్నారు. ఇతను వెలుగు సరిగ్గా పడిందో లేదో చూస్తాడంతే.

భాగ్యశ్రీకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. ఇంటి తాళంచెవి ఎక్కడ పెడతారో దొంగ వెతుక్కోనక్కర్లేకుండా పోయింది. ఇంటి పిల్లే నవ్వుతూ వేలు పెట్టి చూపించింది. ఆ నవ్వుకు అద్దం కట్టి, దండ వేసి గోడకు తగిలించారు. తల్లి దండ చూసి హడలిపోయిందంటే తప్పేముంది?

బోడెమ్మ మాత్రం వచ్చిన పని మరిచిపోలేదు. చాప మీద కూర్చుని తువ్వాలు మూట విప్పింది. పచ్చటి కంది కాయలు, అప్పుడే కోసినవి, చలికి ముడుచుకుని నిద్రపోతున్నట్టున్నాయి. గదంతా చేను వాసన నిండింది. ఆకుపచ్చ గుడ్డకు ఆ వాసన తెప్పించడం ఎప్పుడూ చేతకాలేదు.

“బాబూ,” అంది వచ్చీరాని తెలుగులో, రెండు చేతులూ జోడించి. “ఇది కొత్తది. మా పిల్ల తిన్నది ఇది కాదు. ఆ ముక్క నువ్వు నీ డబ్బాలో సెప్పెయ్. నీ రాతే పెద్దదంతన్నారు కదా, నువ్వే రాసెయ్. నానింకేటీ అడగను. దేవుడికి పెట్టాల్సినివి, నీకు సూపించడానికే తెచ్చినాను. సూపించి మల్లీ అట్టుకెళ్ళిపోతాను.”

మురళీమోహన్‌కు ఏం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు అతని చేతులు ఏదో ఒకటి చేస్తాయి. ఒక కాయ తీశాడు. ఒలిచాడు. మూడు పచ్చి గింజలు అరచేతిలోకి రాల్చుకుని, ఎవరూ వద్దనే లోపల నోట్లో వేసుకున్నాడు. 

“తియ్యగున్నాయమ్మా,” అన్నాడు నములుతూ.

“ఓలి నాయినో! ముందు తినేసినాడు!” బోడెమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

“నాకేటమ్మా భయం? మీ ఊళ్ళో నాకు మాటుంటేగా పోవడానికి!”

బోడెమ్మ అతని మొహంలోకి తేరిపార చూసింది. “నిజమే బాబూ,” అంది జాలిగా. “నీకు ఏ ఊళ్ళోనూ నేదు.”

అతను ఇంకా నములుతూనే ఉన్నాడు. భాగ్యశ్రీ అతని దవడ వంక చూస్తోంది. కదులుతోంది, మెత్తగా, చప్పుడు లేకుండా. కొత్త కంది నమిలితే దవడ ఇలాగే ఆడుతుంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె కళ్ళలో ఏదో మారింది. 

అంతలో మురళీమోహన్ ఫోను మోగింది. తెరమీద పేరు చూడగానే, “సార్, సార్, ఆల్ సెట్ సార్” అంటూ వరండాలోకి నడిచాడు. కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. “రేపు టెక్కలిలో సంబరం సార్... ఎనిమిది ఇళ్ళ పెద్దలూ సార్... వేను పొద్దున్నే వెళ్ళిపోద్ది... కొండమల్లి చేత్తోనే వడ్డిత్తాది సార్, ఫస్టు ముద్ద లైవులో...”

“రేపు సంబరమేటి?” అంది బోడెమ్మ.

“సభకి ముందు మావకీ, మిగతా ఏడిళ్ళాళ్ళకీ టెక్కలిలో బోజనాలు,” అంది భాగ్యశ్రీ. “శాలవా కప్పుతారు. నాను వడ్డించాల. అది ఫోన్లో సూపిత్తారు.” తరువాత తెలుగులోకి మారి, మామూలు గొంతుతో, ఉప్పుందా అని అడిగినట్టు అడిగింది: “యామినక్కా, రేపటి వంటకి సరుకులు కొనేది ఎవరు?”

“నేనే.”

“పప్పుందా?”

“ఉంది. కంది...” యామిని సగంలో ఆగింది. విప్పి ఉన్న మూట మీదికి ఆమె చూపు వెళ్ళింది. “మామూలు కందిపప్పే రాశాను. మారుద్దామంటే మారుతుంది. మెనూ ఎవరూ చదవరు.”

బోడెమ్మకు తెలుగు తక్కువ. కానీ కూతురి చెయ్యి మూట మీద పడటం చూడటానికి ఏ భాషా అక్కర్లేదు.

“సోంబారీ. ఏటి సేత్తన్నావు?”

“ఎనిమిది గడపలమ్మా. ఒక్క ముద్ద సాలు. మంగళారం ఆళ్ళ సేతులూ ఎండుకొమ్మలే.”

“తెలీకుండా పెడతావా?”

“నాను తెలిసి తిన్నానేటి? తెలీక తిన్నా తప్పు తప్పే అన్నది మీ పెద్దలే కదా.”

“ఆళ్ళలో మీ మావున్నాడు,” అంది బోడెమ్మ. “నువ్వు బడికెల్లనానికి కాళ్ళు నొప్పులని ఏడిత్తే, కొండ దిగినంత దూరం మెడ మీద ఎక్కించుకు దింపినోడు.”

“తెలుసు.”

“ఆళ్ళు మన తిండి తోటే మన నోరు మూసినారు. నువ్వు మన తిండితోటి మన ఆళ్ళ నోరు మూత్తావు. ఇంక ఆ డబ్బావోడేల, నువ్వే సాలు.”

“మరి గట్టు సంగతేటమ్మా?”

గట్టు మీద బోడెమ్మ మొగుడి సమాధి రాయి ఉంది. వాళ్ళమ్మది ఉంది. రేపు తీగబండి స్తంభం ఎక్కడ పాతుతారో కంపెనీవాళ్ళు సున్నంతో గుర్తు కూడా పెట్టి పోయారు. ఆ గుర్తు రాళ్ళకు నాలుగు అడుగుల దూరంలో ఉంది.

బోడెమ్మ చెయ్యి చాపింది. ఎండుకొమ్మ అన్న చెయ్యే. 

“మూటియ్యి.”

భాగ్యశ్రీ ఇవ్వలేదు. తువ్వాలు నాలుగు కొసలూ దగ్గరికి లాగింది.

“నీకు తెలీదు సోంబారీ. జమ్మయ్యకి మొదటి ముద్దకే తెలిసిపోతాది. నమిలీ నమలకుండానే తెలిసిపోతాది.”

“తెలియాలి,” అంది కూతురు, తువ్వాలు ముడి బిగిస్తూ. “మావకి తెలిసేసరికి ముద్ద నోట్లో ఉంటాది. దేశమంతా సూత్తంటాది.”

వరండాలోంచి మురళీమోహన్ తల లోపలికి పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. “మల్లీ, గుడ్ న్యూస్! రేపటికి మదర్ని కూడా తీసుకురమ్మన్నారు. అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూకుని ఒకే కంచంలో తినాలంట. రేటింగ్ అదిరిపోద్ది!”

భాగ్యశ్రీ చేతిలో ముడి సగంలో ఆగింది. ఆ కంచంలో ముద్ద అమ్మ నోటికీ వెళ్తుంది. తల్లి చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.